సింగూరు చెప్పిన లెక్క

ఎంబీఏ పుస్తకాల్లో ‘బాహ్య వాతావరణం’ అని ఒక పాఠం ఉంటుంది. ప్రభుత్వం, చట్టం, మార్కెట్, సమాజం... వీటిని చూసుకునే కంపెనీ తన వ్యూహం తయారుచేసుకోవాలని ఆ పాఠం చెబుతుంది. రైతు, కౌలుదారు, కూలీ అందరూ అందులో ‘సమాజం’ అనే ఒక్క మాట కింద సర్దుకుంటారు. ఆ ఒక్క మాటను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో సింగూరు చూపించింది.

2006 మే నెల. పశ్చిమ బెంగాల్‌లో వామపక్షాలు మళ్లీ ఘనంగా గెలిచాయి. కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన రోజే లక్ష రూపాయల కారు ఫ్యాక్టరీ సింగూరుకు వస్తుందని టాటాలు ప్రకటించారు. అసెంబ్లీలో తిరుగులేని మెజారిటీ ఉన్న సర్కారు అండ. కోల్‌కతాకు దగ్గర్లో రోడ్డు పక్కన భూమి. రైతు ఒప్పుకోకపోయినా గుంజుకోవడానికి 1894 నాటి బ్రిటిష్ చట్టం. కాగితం మీద అంతా అనుకూలమే. 997 ఎకరాలు సేకరించారు. రైతుల సంగతి సర్కారుకు వదిలేశారు.

కానీ ఒప్పుకోని రైతులు చెక్కులు తీసుకోలేదు. 2006 డిసెంబర్‌లో మమతా బెనర్జీ 25 రోజులు నిరాహార దీక్ష చేశారు. 2008 ఆగస్టులో ఫ్యాక్టరీ ముందు ధర్నాలు సాగాయి. అక్టోబర్ 3న రతన్ టాటా సింగూరు వదిలేస్తున్నట్టు ప్రకటించారు. నాలుగు రోజులకే గుజరాత్‌లోని సాణంద్ ఖరారైంది.

‘చూశారా, ఉద్యమాలు చేస్తే పెట్టుబడి పారిపోతుంది’ అని పెద్దమనుషులు నీతులు చెప్పారు. సగం నిజమే చెప్పారు. సాణంద్‌లో కంపెనీకి దొరికిందేమిటి? వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉన్న దాదాపు 1,100 ఎకరాల సర్కారు భూమి. అంటే మొదటిసారి లెక్కలోకి రాని రైతు, రెండోసారి లెక్కలోకి వచ్చాడు. ఇలాంటి పోరాటాల ఒత్తిడితోనే 1894 చట్టం పోయి 2013 భూసేకరణ చట్టం వచ్చింది. ప్రైవేటు కంపెనీ కోసం భూమి సేకరించాలంటే 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి ఉండాలంది. వాతావరణాన్ని జనం మార్చారు. కంపెనీలు దానికి తగ్గట్టు నడక మార్చుకోక తప్పలేదు.

అయితే సింగూరు గెలుపు పాట మాత్రమే కాదు. సుప్రీంకోర్టు 2016 ఆగస్టు 31న ఆ భూసేకరణను కొట్టేసి భూములు తిరిగి ఇవ్వమనే నాటికి పదేళ్లు గడిచాయి. పొలాల్లో కాంక్రీటు మిగిలింది. 2023లో ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ టాటా మోటార్స్‌కు 765.78 కోట్ల రూపాయలు, ఆపైన వడ్డీ కట్టమని బెంగాల్ సర్కారు సంస్థను ఆదేశించింది. తప్పు పాలకులది, భారం జనం నెత్తిన. ఇంత గొడవకు కారణమైన నానో కారు కూడా నిలబడలేదు. సాణంద్‌లో సింగూరు స్థాయి భూపోరాటం లేదు. అయినా కొనేవాళ్లు కరువై 2018 నాటికి ఉత్పత్తి ఆగిపోయింది. మరి దాన్ని ఏ ఉద్యమం తరిమింది?

రాష్ట్రం విడిపోతే కంపెనీలు పోతాయని మనల్నీ బెదిరించారు. 2014లో రాష్ట్రం వచ్చింది, కంపెనీలు పోలేదు. కానీ 2016 డిసెంబర్‌లో మన శాసనసభే 2013 చట్టానికి సవరణ తెచ్చింది. ప్రజా ప్రయోజనం పేరుతో కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు సర్కారుకు కల్పించింది. సింగూరు రైతులు నెత్తురోడ్చి బిగించిన ముడిని మనవాళ్లు మన చేతులతోనే వదులు చేశారు.

ఫ్యాక్టరీలు రావాలి. మన పిల్లలకు కొలువులు కావాలి. అందులో రెండో మాట లేదు. కానీ చట్టం మెత్తగా ఉంటే కంపెనీ రైతును అడగదు, గట్టిగా ఉంటే అడుగుతుంది. అంతే తేడా. ఆ చట్టం రాసే కలం ఇప్పుడు ఢిల్లీలోనో పరాయివాళ్ల దగ్గరో లేదు. మన దగ్గరే ఉంది. ఆ కలం ఎవరి వైపు రాస్తున్నదో చూడాల్సింది, అడగాల్సింది మనమే.