పిల్లలు పుట్టేశాక కూడా దానికి పనుంది

పిల్లలు పుట్టేశారు, ఇంక ఆ సంచితో పనేముంది, తీయించేసుకో. మన ఊళ్లలో ఈ మాట అత్త అంటుంది, తోడికోడలు అంటుంది, ఆర్‌ఎంపీ కూడా అంటాడు. తెల్లబట్ట అవుతోందన్నా, నడుము లాగుతోందన్నా, నెలసరి రెండు రోజులు ఎక్కువైనా అందరి నోటా అదే సలహా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిది మంది పైనే. ఈ ఒక్క లెక్కలో దేశంలో మనమే ముందున్నాం.

సంచి సంగతైనా అప్పుడప్పుడూ పేపర్లలో వస్తుంది. దానితో పాటు ఎంతోమందికి అండాశయాలు కూడా తీసేస్తున్నారనీ, వాటితో పాటే అవి తయారుచేసే ఈస్ట్రోజెన్ హార్మోను పోతోందనీ ఎవరూ మాట ఎత్తరు. నా బాధంతా అక్కడే.

మా పిన్నికి 36 ఏళ్లకు ఆపరేషన్ అయింది. ఆ డిశ్చార్జి కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. మడతల దగ్గర చిరిగిపోయిన ఆ కాగితం మీద ఇంగ్లిషు పొడి అక్షరాల్లో ‘టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ’ అని గీకి ఉంది. సంచితో పాటు రెండు వైపులా గొట్టాలు, అండాశయాలు తీసేశారని దానర్థం. చెబితే, “అదేంటమ్మా, సంచి ఒక్కటే అన్నారే!” అని నా మొహంలోకి చూసింది. ఆపరేషనైన నెలకే ఒంట్లోంచి ఆవిర్లు మొదలయ్యాయి, రాత్రిళ్లు నిద్ర పోయింది. యాభై నిండకుండానే బాత్‌రూమ్‌లో జారితే మణికట్టు విరిగింది. వెళ్లిన ప్రతిచోటా కాల్షియం బిళ్లలు రాసి, వయసు మీద పడుతోంది కదా అన్నారు. అండాశయాలు ఉన్నాయా అని ఒక్కరైనా అడిగారా?

ఈస్ట్రోజెన్ అంటే ముట్టు, కాన్పు అన్నంతవరకే మనకు తెలుసు. ఎముకలో పాతదాన్ని అరగదీసే కణాలు, కొత్తదాన్ని పోసే కణాలు నిత్యం పనిలో ఉంటాయి. అరగదీసేవాటిని అదుపులో పెట్టేది ఈస్ట్రోజెనే. అది పోతే పోసే దానికన్నా అరిగేదే ఎక్కువ. రక్తనాళాల్లో, మెదడులో, మూత్రకోశంలో కూడా దాన్ని అందుకునే గ్రాహకాలున్నాయి. ఆల్ఫా అనే ఒక్క రకమే ఉందనుకుంటుంటే, 1996లో స్వీడన్ శాస్త్రవేత్తలు రెండోదాన్ని, బీటాను, బయటపెట్టారు. దొరికింది మగ ఎలుక ప్రోస్టేట్ గ్రంథిలో!

మగవాళ్లకూ ఈస్ట్రోజెన్ కావాలి. 1994లో అమెరికన్ డాక్టర్లు 28 ఏళ్ల యువకుడి సంగతి ప్రచురించారు. అతని రక్తంలో ఈస్ట్రోజెన్ దండిగానే ఉంది, కానీ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు చెడిపోయింది. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. ఎముకల చివర్లు మూసుకోలేదు, ఉన్న ఎముక గుల్లబారింది. మగ హార్మోను అతనికి తక్కువేమీ లేదు. అయినా ఎముక గట్టిపడలేదు.

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది ఇంకొకటి. రొమ్ము కేన్సర్‌కు అండాశయాలు తీసేస్తే కొందరికి గుణమిస్తుందని 1896లోనే గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ చూపించాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు తీసేస్తూ వచ్చారు, మేలు జరిగింది మాత్రం సుమారు మూడోవంతు మందికే. ఎవరికి పనిచేస్తుందో ముందుగా తెలిసే దారి లేదు. 1950ల చివర్లో షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ ఈస్ట్రోజెన్‌కు రేడియోధార్మిక గుర్తు తగిలించి, గర్భాశయం దాన్ని పట్టి ఉంచుకుంటోందని చూపాడు. అలా గ్రాహకం బయటపడింది. తర్వాత కణితిలో గ్రాహకం ఉందో లేదో పరీక్షించి, లేనివాళ్లకు ఆ కోత తప్పించే వీలు కలిగింది. ఈ రోజు రొమ్ము కేన్సర్ రిపోర్టులో కనబడే ‘ఈఆర్ పాజిటివ్’ ఆ పరిశోధన ఫలమే. ప్రాణం తీసే కేన్సర్‌లోనే పరీక్ష చేసి మరీ అండాశయం జోలికి వెళ్లడం నేర్చుకున్నారు. మన దగ్గర తెల్లబట్టకు ఆ పాటి ఆలోచన కూడా లేదే!

గడ్డలుండి రక్తం ఆగనివాళ్లకు సంచి తీయాల్సి రావచ్చు. కేన్సర్ ఉన్నా, వంశపారంపర్యంగా ఆ ముప్పు గట్టిగా ఉన్నా అండాశయాలు తీయక తప్పదు. వాళ్ల సంగతి వేరు. ఏ జబ్బూ లేని అండాశయాన్ని ‘ఎటూ పొట్ట కోశాం కదా’ అని ముప్ఫై అయిదేళ్ల మనిషి నుంచి తీసేయడం గురించే నా మొర.

పోయినదాన్ని మందుగా ఇవ్వొచ్చు. దానికీ భయమే అడ్డు. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడుతున్న భాగాన్ని మధ్యలో ఆపేశారు, రొమ్ము కేన్సర్ కాస్త పెరిగిందని. అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. సంచి లేనివాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగంలో రొమ్ము కేన్సర్ పెరగలేదు. అయినా ఆ భయాన్ని తెచ్చి ముప్ఫైల్లో అండాశయాలు పోగొట్టుకున్నవాళ్ల మీద రుద్దారు. రొమ్ము కేన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, ముట్లు సహజంగా ఆగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వమనే వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన పల్లెల్లో ఎంతమందికి ఈ మాట చెప్పారు?

అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. సంతోషమే. ఆ అమలులో అండాశయాలనూ లెక్కలోకి తీసుకోండి. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే కాగితంలో వాటికి వేరే వరుస ఉండాలి, తీస్తారా ఉంచుతారా, ఎందుకు అన్నది తెలుగులో రాసి ఉండాలి. డిశ్చార్జి కాగితమూ తెలుగులోనే ఇవ్వాలి. తీసేసి ఉంటే ఎముకల పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో, ఈస్ట్రోజెన్ వాడాలో వద్దో డాక్టరు అందులోనే రాసి సంతకం చేయాలి. ఇప్పటికే తీయించుకున్నవాళ్ల ఇళ్లకు ఆశా కార్యకర్తలను పంపి, పెట్టెల్లో ఉన్న ఆ పాత కాగితాలను ఒక్కసారి చదివించండి.