లాప్‌టాపు కొనుటకు పూర్వము లినక్సు పరీక్ష

పరీక్షాఫలితములు వెలువడగానే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల తలిదండ్రులలో అనేకులు తమ బిడ్డలకు లాప్‌టాపు కొనవలెనను ఆలోచనలో పడుదురు. పాలిటెక్నిక్కునందు గాని ఇంజనీరింగు కళాశాలయందు గాని చేరిన విద్యార్థికి అది నేడు పలకాబలపముల వంటిదైనది. ఆ సొమ్ము ప్రత్తి అమ్మగా వచ్చినదో, మగ్గము మీద సంపాదించినదో, బంగారము కుదువబెట్టి తెచ్చినదో మనమెరుగుదుము. ఒకసారి వెచ్చించిన పిదప నాలుగేండ్ల వరకు మరల వెచ్చించుట పెక్కు కుటుంబములకు శక్యము కాదు. కావున ఈ విషయమున మా అభిప్రాయమును మనవి చేయుచున్నాము.

మేము చాలకాలముగా విద్యార్థులకు లినక్సును బోధించుచున్నాము. 1991వ సంవత్సరమున ఫిన్‌లాండు దేశమునందు లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ప్రారంభించిన ఈ పని నేడు లోకమంతట వ్యాపించినది. దీనికి వెల లేదు. లోపలి వ్రాత యెల్లరకు తెరచియున్నది. తోటివానికి పంచియిచ్చుట నేరము కాదు. కేరళమునందు ప్రభుత్వ పాఠశాలలు ఇట్టి స్వేచ్ఛా సాఫ్టువేరుతోనే బోధించుచున్నవి. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు దీనిని తెనుగుచేసిరి. మన సీమవారును, 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనవారును అగు సురవరము ప్రతాపరెడ్డిగారి పేర వెలసిన తెలుగు అక్షరరూపము సైతము ఉచితముగా లభించుచున్నది. బీదవిద్యార్థికి ఇంతకంటె తగిన సాధనము లేదని మేము నేటికిని నమ్ముచున్నాము.

అయినను మా తప్పును దాచము. మా పూర్వవిద్యార్థి యొకడు మా మాట విని, ఒక అంగడిలో క్రొత్త లాప్‌టాపు కొని, ఆ రాత్రియే విండోసును తుడిచివేసి లినక్సును స్థాపించెను. తెల్లవారుసరికి వైఫై పనిచేయలేదు. మూత వేసి తెరచినచో తెర చీకటియయ్యెను. అంగడివారు, లోపలి వ్యవస్థను మార్చితిరి గనుక తమకు బాధ్యత లేదనిరి. అతని తండ్రి మా యొద్దకు వచ్చి, "సారూ, మీరు మంచిదంటిరి, మేము కొంటిమి. ఇప్పుడు ఎవరిని అడగవలె?" అనెను. ఆ ప్రశ్నకు మా యొద్ద ఉత్తరము లేకపోయెను. లినక్సును పొగడితిమి గాని, కొనకముందు యంత్రమును పరీక్షింపవలెనని ఆ బాలునికి నేర్పమైతిమి. దోషము లినక్సుది కాదు, బాలునిది కాదు, మాది.

ఇట్లేల జరుగును? గద్వాల చీరను తలచుకొనుడు. ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. రెంటిని మగ్గము మీదనే పోగునకు పోగు పెనవేసి కలుపుదురు. ఆ కూడలి సరిగా లేనిచో నూలు మంచిదైనను, పట్టు మంచిదైనను చీర నిలువదు. యంత్రమునకును లినక్సునకును నడుమ అట్టి కూడలియే డ్రైవరనునది. ఇంటెలు కంపెనీ వైఫై చిప్పులకు డ్రైవర్లు లినక్సు కెర్నెలులోనే యున్నవి. బ్రాడ్‌కాము చిప్పులు కొన్నింటికి వేరుగా తెచ్చి చేర్చవలెను. వ్రేలిముద్ర గుర్తించు పరికరములు అనేకము అసలే పనిచేయవు. మిక్కిలి క్రొత్త యంత్రమునకు మిక్కిలి క్రొత్త కెర్నెలు కావలసియుండును. కావున ఈ నెలలో వెలువడిన యంత్రముకంటె ఏడాది రెండేండ్ల క్రిందటి రకమే మన పనికి మేలు.

ఇక చేయదగిన పని చెప్పెదము. మొదట యంత్రము పూర్తి మాడలు సంఖ్యను వ్రాసికొనుడు. పేరు ఒకటేయైనను లోపలి చిప్పులు వేరుగా నుండవచ్చును. ఉబుంటువారు పరీక్షించి ధ్రువపరచిన యంత్రముల జాబితాలో ఆ సంఖ్య గలదేమో చూడుడు. పిమ్మట ఉబుంటు నింపిన పెన్‌డ్రైవుతో అంగడికి పోయి, యంత్రము వెలిగించునప్పుడు ఎఫ్12 వంటి మీటను నొక్కి (కంపెనీని బట్టి మీట మారును), దేనిని స్థాపింపకయే నడిపి చూడుడు. వైఫై కలియుచున్నదా, శబ్దము వినబడుచున్నదా, మైకు, కెమెరా పనిచేయుచున్నవా, వ్రేలితో కదలించు పలక మాట వినుచున్నదా, మూత వేసి తెరచిన మరల మేల్కొనుచున్నదా, లోపలి డిస్కు కనబడుచున్నదా అని వరుసగా చూడుడు. దీనికి పావుగంట చాలును. 2024 మొదలు విండోసుతో అంగళ్లకు వచ్చిన స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్పుల లాప్‌టాపులు వేరు జాతివి. ఇంటెలు, ఏఎండీ యంత్రములకు చేసిన పెన్‌డ్రైవు వానిలో నడువదు. విండోసు లేకుండ తక్కువ వెలకు అమ్మునవియు గలవు; విండోసు లేనంత మాత్రమున అందు లినక్సు పరీక్షింపబడినదని భ్రమపడరాదు.

అంగడివారు ఒప్పుకొనరని కొందరందురు. మర్యాదగా అడిగినచో ఒప్పుకొనువారును గలరు. ఒప్పుకొననిచోట, అదే మాడలు గల స్నేహితుని యంత్రము మీద చూడవచ్చును. అదియు లేనిచో మరియొక అంగడికి పోవచ్చును. చీరను మడత విప్పి చూపని వర్తకునియొద్ద మన తల్లులు చీర కొందురా? కార్యాలయములు వాడి విడిచిన లాప్‌టాపులును త్రోసివేయదగినవి కావు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కి ఉచితముగా రక్షణ సవరణలు పంపుట కంపెనీవారు సామాన్యముగా మానిరి. విండోసు 11కు తగని పాతయంత్రములు పెక్కింట లినక్సు సుఖముగా నడుచును. అయినను వానిని సైతము పరీక్షించియే కొనవలెను.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనుటను గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మన బాలురెల్ల ఎరిగినదే. అది లాప్‌టాపునకును చెల్లును. ప్రతి పాఠశాలయందు ఇట్టి పెన్‌డ్రైవొకటి సిద్ధముగా నుంచి, కొనబోవు కుటుంబమునకు ఎరువిచ్చుట ఉపాధ్యాయుల విధియని మా అభిప్రాయము. విద్యార్థులారా, మీ తలిదండ్రుల వెంట అంగడికి పొండు. సొమ్ము చెల్లింపకమునుపే పెన్‌డ్రైవును తగిలింపుడు. సలహా యిచ్చుట సులభము. ఆ సలహా వలన కలుగు నష్టమును మోయువాడు వేరొకడు. ఆ తండ్రి ప్రశ్న మరియొక తండ్రి నోట వినబడకుండుగాక.