సైకిలు యాత్రకి అమ్మ సంతకం

"అమ్మా, ఇక్కడో సంతకం పెట్టు" అంటూ మీ అమ్మాయి ఒక కాగితం తెచ్చి మీ ముందు పెట్టిందనుకోండి. సంక్రాంతి సెలవుల్లో కాలనీ పిల్లలందరూ కలిసి సైకిళ్ళ మీద సూర్యలంక బీచికి వెళ్తారట. రెండు రాత్రులు బయటే ఉంటారట. మీకు అభ్యంతరం లేదని రాసివ్వాలట. గుండె గుభేలుమంటుంది కదూ! లారీలు, కుక్కలు, చీకటి అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరుగుతాయి. కొందరు తల్లులు అక్కడే "వద్దు" అనేస్తారు. కొందరు "మీ నాన్ననడుగు" అని తప్పించుకుంటారు. నన్నడిగితే ఆ రెండూ వద్దు. సంతకం పెట్టేముందు ఇంకో కాగితం అడగండి. వాళ్ళ ప్లాను తెమ్మనండి.

అనుభవం మీద చెబుతున్న మాట ఇది. కొన్నేళ్ళ కిందట మా కాలనీ పిల్లలు విజయవాడ నుంచి ఇలాగే బయల్దేరారు. సూర్యలంక సుమారు 85–90 కిలోమీటర్లు. ప్లాను వేసింది పదిహేడు, పద్ధెనిమిదేళ్ళ కుర్రాళ్ళు. గంటకి పదిహేను కిలోమీటర్లు, ఆరు గంటల్లో చేరిపోతాం అని లెక్క కట్టారు. వాళ్ళ మటుకు అది సరైన లెక్కే. కానీ ఆ గుంపులో ఒక పదమూడేళ్ళ పిల్ల కూడా ఉంది. తెనాలి దాటాక వెనకబడింది. అందరికంటే చివర ఎవరుండాలో ముందు అనుకోలేదు కాబట్టి ఎవరూ వెనక్కి చూడలేదు. కళ్ళు తిరిగి రోడ్డు పక్కన కూలబడితే పొలంలో పనిచేసుకుంటున్న ఆడవాళ్ళు వచ్చి నీడకి తీసుకెళ్ళి, నీళ్ళు పట్టించారు. ఇంటికొచ్చాక ఆరా తీస్తే, పొద్దుటి నుంచీ ఆ పిల్ల నీళ్ళే ముట్టుకోలేదు. "తాగితే బాత్రూముకి వెళ్ళాలిగా ఆంటీ, ఎక్కడికెళ్ళను?" అంది. ఆ ప్లానులో పంక్చరు షాపులు ఎక్కడెక్కడున్నాయో రాసుకున్నారు. ఆడపిల్లలకి బాత్రూము ఎక్కడుందో మాత్రం ఎవరికీ తట్టలేదు!

మరుసటేడు ఇక ఎవరూ ఆడపిల్లల్ని పంపమన్నారు. నాకు బాధేసింది. 1991లో మన పక్క రాష్ట్రంలోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు, కలెక్టరు షీలా రాణి చుంకత్ ఆడవాళ్ళకి చదువుతోపాటు సైకిలు కూడా నేర్పించారు. కూలిపని చేసుకునే వేలాదిమంది స్త్రీలు చీరకట్టుతోనే తొక్కారు. అలాంటిది, ప్లాను తప్పయితే శిక్ష పిల్లలకా? మేం ముగ్గురం తల్లులం కూర్చుని ఆ కుర్రాళ్ళ చేతే కొత్త ప్లాను వేయించాం.

మొట్టమొదటి మార్పు, లెక్క ఆఖరి పిల్లతో మొదలుపెట్టడం. చిన్నపిల్లలున్న గుంపు ఆగుతూ సాగుతూ వెళ్తే గంటకి పది కిలోమీటర్లు వేసుకోండి, చాలు. మొదటిరోజు ప్రకాశం బ్యారేజీ దాటి, దుగ్గిరాల మీదుగా తెనాలి. సుమారు ముప్ఫై కిలోమీటర్లు. రెండోరోజు పొన్నూరు మీదుగా బాపట్ల, ఇంకో నలభై అయిదు. మూడోరోజు తెల్లవారుజామున తొమ్మిది కిలోమీటర్లు తొక్కితే సముద్రం. అంతా డెల్టా నేల, ఎత్తుపల్లాలు దాదాపు లేవు. ఇంకో పెద్ద సౌకర్యం ఉంది. ఈ దారి పొడుగునా రైలుపట్టాలు వెంట వస్తూనే ఉంటాయి. దుగ్గిరాల, తెనాలి, నిడుబ్రోలు (అంటే పొన్నూరే), బాపట్ల అన్నీ స్టేషన్లే. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే పెద్దవాళ్ళలో ఒకరు రైలెక్కించి తీసుకొచ్చేయొచ్చు. వచ్చేటప్పుడు అందరూ రైల్లోనే. సైకిళ్ళని పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. అందుకని అక్కడ ముందే కనుక్కోమనండి. మీ ఊరి నుంచి ఏ దారి ఎంచుకున్నా సరే, మధ్యలో ఆగిపోతే ఇంటికి రావడమెలాగో అడక్కుండా సంతకం పెట్టకండి.

నవంబరు, డిసెంబరు నెలలు ఈ తీరానికి నమ్మదగినవి కావు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది. మిచాంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. అందుకే సంక్రాంతి మంచి అదను. పొద్దున్న ఆరింటికి బయల్దేరి పదకొండుకల్లా ఆగిపోవాలి. మధ్యాహ్నం సముద్రపుగాలి మొహానికి కొడుతుంటే ఎంత తొక్కినా బండి కదలదు. మళ్ళీ మూడున్నరకి బయల్దేరి చీకటిపడక ముందే బసకి చేరాలి.

బాత్రూముల సంగతి ఈసారి మేమే చూశాం. గంటకోసారి ఆగే చోటు ముందే రాసుకున్నాం. పెట్రోలు బంకు, స్టేషను, తెలిసినవాళ్ళ ఇల్లు. ఆగిన చోటల్లా అందరూ ఒక గ్లాసు నీళ్ళు తాగాల్సిందే. గుంపులో ఒక పెద్దావిడ తప్పనిసరి. నెలసరి వచ్చిందని పదిహేడేళ్ళ అన్నకి ఏ పిల్లా చెప్పలేదు. ప్యాడ్లు ఆవిడ సంచిలో ఉంచండి. చున్నీలు వద్దు, చక్రంలో పడితే ప్రమాదం.

ఇక తిండి. ఇది మన రాజ్యం కదా! ఇంట్లో కిలో బియ్యం ఏడుగురికి వస్తే, సైకిలు తొక్కొచ్చిన పిల్లలు అయిదుగురే ఖాళీ చేసేస్తారు. మొదటిరోజు మధ్యాహ్నానికి పులిహోర కట్టివ్వండి, చింతపండు పులుపుకి సాయంత్రం దాకా పాడవదు. పెరుగన్నం మాత్రం ఎండలో పులిసిపోతుంది, వద్దు. రాత్రికి పెసరపప్పు కిచిడీ. పూటకో సంచి ఇంటి దగ్గరే కట్టేయాలి. రెండు పాళ్ళు బియ్యం, ఒక పాలు దోరగా వేయించిన పెసరపప్పు, అందులోనే ఒక పొట్లంలో పసుపు, ఉప్పు, జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. అక్కడ కడిగి నాలుగింతలు నీళ్ళు పోసి ఉడికించుకుంటే సరి. మా పదిహేడుమందికి పూటకి రెండు కిలోల బియ్యం, కిలో పప్పు పట్టింది. గిన్నెలు మోసుకెళ్ళక్కర్లేదు, షామియానా షాపుల్లో గుండిగలు అద్దెకిస్తారు. పక్కన ఆవకాయ, అప్పడాలు. దారిలో నమలడానికి సున్నుండలు, వేరుశనగ ఉండలు. నేను అరిసెలు కూడా పంపాను, దుగ్గిరాల చేరకముందే అయిపోయాయట!

ఎండదెబ్బకి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి తాగించాలి. స్పూను తలగొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువైతే మంచిది కాదు.

సామాను వీపుమీద వేసుకోనివ్వకండి, నడుం పట్టేస్తుంది. కేరియర్ మీద పాత ట్యూబుతో బిగించి కట్టాలి. పెడలు అడుక్కి వచ్చినప్పుడు కాలు దాదాపు తిన్నగా సాగేలా సీటు ఎత్తు సరిచేయించండి. మోకాళ్ళ నొప్పులు సగం అక్కడే తగ్గుతాయి. పంక్చరు వేయడం పిల్లలందరికీ రావాలి, మీ మధ్య ఉన్న మెకానిక్కుని ఒక ఆదివారం పిలిచి నేర్పించండి. రోడ్డు మీద కబుర్లాడుతూ పక్కపక్కన తొక్కడం కుదరదు, ఒకరి వెనక ఒకరే.

బస తెనాలిలో ఒక బడి వరండాలో, బాపట్లలో ఒక తోటలో. రెండిటికీ ముందే వెళ్ళి యజమానుల్ని అడిగాం. టెంట్లు బీచిలోనే వేస్తామని పిల్లలు గొడవపెట్టారు. నేను ఒప్పుకోలేదు. వదులు ఇసుకలో మేకు నిలవదు సరికదా, అర్ధరాత్రి ఎవరు లేచి నీళ్ళలోకి వెళ్ళారో ఎవరికి తెలుస్తుంది? స్నానాలు పగలు, పెద్దవాళ్ళు గట్టున నిలబడగా, మోకాలిలోతు దాకానే.

అందరికంటే చివర ఎవరుండాలీ అన్నప్పుడు, కిందటేడు పడిపోయిన పిల్లే చెయ్యెత్తింది. ఒక పెద్దాయన్ని తోడిచ్చి, మెడలో ఈల వేసి ఆ పిల్లని చివర పెట్టాం. ఈల మోగితే ముందున్నవాళ్ళు ఎంత దూరంలో ఉన్నా ఆగాల్సిందే. తెనాలి చేరేలోపు పదకొండుసార్లు ఊదిందని మా కుర్రాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనీండి!

తిరిగొచ్చాక పిల్లల్ని స్నానానికి తరిమేముందు సైకిళ్ళని మంచినీళ్ళతో కడిగించండి. చైనులో ఇసుక పోయేదాకా తుడిచి నూనె వేయించండి. ఆ పని రేపటికి వదిలేస్తే ఉప్పుగాలికి వారం తిరక్కుండా తుప్పు పట్టేస్తుంది.