పెంపుడు జలచరములకు మితాహారము

మూగజీవులయెడ దయ మన ప్రాంతమున పుట్టుకతో వచ్చు గుణము. కాకికి ముద్ద పెట్టనిదే భోజనమునకు కూర్చుండని ఇండ్లు నేటికిని కలవు. కోనేటి గట్టున నిలిచి చేపలకు బొరుగులు చల్లుట మన పిల్లలకు చిరపరిచితమైన వేడుక. ఈ గుణము మెచ్చదగినదే. అయితే పెట్టుట యొక్కటియే దయ కాదనియు, ఆ జీవి కడుపునకు ఏది, ఎంత సరిపడునో ఎరిగి పెట్టుటయే నిజమైన దయ యనియు నా అభిప్రాయము. మన విద్యార్థుల ఇండ్లలో గాజుతొట్టెలు కనబడుచున్న ఈ దినములలో ఈ విషయమును ప్రస్తావించుట అవసరమని తోచినది.

చెన్నైలోని కొళత్తూరు అలంకార మత్స్యముల వర్తకమునకు ప్రసిద్ధి చెందినది. తిరువళ్ళూరు, తిరుత్తణి వారికి అది దూరము కాదు. రంగురంగుల చేపలే గాక, ఆక్సొలాటల్ అను మెక్సికో దేశపు జీవియు నేడు మన దేశమున పెంపుడు జంతువుగా అమ్ముడగుచున్నది. నీట నుండినను అది చేప కాదు, కప్పవలె ఉభయచరము. కప్ప పిల్ల పెరిగి తోకను విడిచి గట్టెక్కును. ఇది మాత్రము తలకు ఇరువైపుల కుచ్చులవంటి మొప్పలతో జీవితాంతము శిశుదశలోనే నీట నిలిచిపోవును. తెగిన కాలిని తిరిగి మొలిపించుకొనగల శక్తి దీనికి కలదు. 1864లో కొన్నింటిని సజీవముగా ప్యారిస్ నగరమునకు తెచ్చినది మొదలు శాస్త్రజ్ఞులు దీనిని శ్రద్ధతో పరిశీలించుచున్నారు.

ఇంతటి శక్తిగల ప్రాణి ఒక చిన్న గులకరాతి వలన చనిపోవచ్చును. నోరు చటుక్కున తెరచి, నీటితోపాటు మేతను లోనికి పీల్చుకొనుట దీని స్వభావము. నమలుట యుండదు. తొట్టె యడుగున అందమునకై మనము పరచిన రంగురాళ్ళు మేతతో కూడ లోనికి పోయి పేగును మూసివేయును. అంతట అది మేత ముట్టదు, కడుపు ఉబ్బును, మలము వెడలదు, కొన్ని వేళల నీటిపై తేలిపోవును. కావున తొట్టె యడుగున ఏమియు పరవకుండుటయే మేలు.

ఇక మేత సంగతి. ఇది మాంసాహారి, వానపాములు దీనికి శ్రేష్ఠమైన ఆహారము. మనము తినగా మిగిలిన అన్నము, రొట్టె, బిస్కత్తు దీనికి తగవు. పెరిగిన జీవికి రెండు మూడు దినముల కొకసారి మేత చాలును. చేపల విషయమునను ఇట్టి జాగ్రత్తయే వలయును. బంగారుచేపకు మనకున్నట్లు జీర్ణాశయము లేదు. తిన్నది నేరుగా పేగులోనికి పోవును. ఎన్నిసార్లు మేత చల్లినను అది నోరు తెరచును. దానిని ఆకలియని భ్రమించి తల్లి యొకసారి, పిల్లవాడొకసారి, చూడవచ్చిన చుట్టమొకసారి చల్లుట పలుచోట్ల జరుగుచున్నది. తినక మిగిలిన మేత కుళ్ళి నీటిలో అమ్మోనియా అను విషమును పుట్టించును. కోనేటి విశాలత కొంత ఓర్చుకొనును. గాజుతొట్టెలోని రెండు బిందెల నీరు ఓర్వలేదు.

వేడిమి మరియొక చిక్కు. మన శరీరమువలె వీని శరీరము తన వేడిని తాను నిలుపుకొనలేదు. నీరెంత వేడియో దేహమంత వేడి. ఆక్సొలాటల్‌కు 16 మొదలు 18 డిగ్రీల చల్లని నీరు హితము. 24 డిగ్రీలు దాటినచో అది మేత మాని రోగముపాలగును. తిరుత్తణి వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త కాదు. రేయింబవళ్ళు నీటిని చల్లబరచు యంత్రము లేని ఇంట ఈ జీవిని ఉంచుట దానిని హింసించుటయే యగును. కావున దానిని కొనితేవలదనియే నా సలహా.

పిల్లలు ఏదేని ప్రాణిని పెంచిననే కదా బాధ్యత నేర్చుకొందురని కొందరు పెద్దలు అందురు. ఆ మాట సత్యమే. కాని మన ఎండకు ఓర్చుకొనగల చిన్న చేపలను పెంచినను ఆ పాఠము అబ్బును. ప్రాణి చచ్చిన పిదప మరియొకటి కొని యిచ్చుట వలన పిల్లవాడు నేర్చునది బాధ్యత కాదు.

ఇదివరకే తెచ్చుకొన్నవారు తొట్టె నీటిని శుభ్రముగాను, చల్లగాను ఉంచవలెను. కడుపుబ్బినచో మేత ఆపి, పశువైద్యుని సంప్రదింపవలెను. మనుష్యుల మందులు ఎన్నడును వేయరాదు. చెన్నై వేపేరిలో 1903లో నెలకొన్న పశువైద్య కళాశాల మనకు అందుబాటులోనే కలదు. 2022లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఇట్టి విదేశీ జీవులను ఉంచుకొనువారు ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెనని కూడ ఎరుగవలెను.

పెంచలేక విసిగి పూండి జలాశయములోనో, ఊరిచెరువులోనో విడిచిపెట్టుట మరింత తప్పు. ఆక్సొలాటల్ పుట్టినిల్లు మెక్సికో నగరము చెంతనున్న సోచిమిల్కో. అచట 1998లో చదరపు కిలోమీటరునకు సుమారు 6,000 ఉండగా, 2014 నాటికి 36 మాత్రమే మిగిలినవి. నీటి మాలిన్యముతోపాటు, పరదేశములనుండి తెచ్చి విడిచిన కార్పు, తిలాపియా చేపలు ఇందుకు ముఖ్య కారణములు. ఒక నీటి జీవిని మరియొక నీట విడుచుట వలన కలుగు చేటునకు ఇంతకన్న నిదర్శనమేల?

విద్యార్థులారా! మీ ఇంట తొట్టె యున్నచో మేత వేయు పని ఒక్కరికే అప్పగింపుడు. వేసిన దినమును గోడమీది క్యాలెండరులో గుర్తింపుడు. మిగిలిన మేతను వెంటనే తీసివేయుడు. తల్లిదండ్రులకు నా మనవి యొక్కటియే: పిల్లవాడు అడిగినంతనే కొనక, ఆ ప్రాణి ఏమి తినును, ఎంత వేడి ఓర్చును, జబ్బు చేసిన ఎవరు చూతురు అను మూడు ప్రశ్నలకు వానిచేతనే జవాబు చెప్పింపుడు. చెప్పగలిగిననాడే అంగడికి పొండు.