కారు బేరంలో మన లెక్క

పాత కారు బేరానికి మగవాళ్ళే వెళ్ళొస్తారు. మనల్ని అడిగేది రంగు ఒక్కటే. నెలనెలా పెట్రోలు డబ్బు సర్దేది మాత్రం మనం!

"లీటరుకి ఇరవై ఇస్తుందిట, 60 వేలు ఎక్కువైనా ఫరవాలేదు" అన్నారు మావారు. పాల లెక్క రాసే పుస్తకంలోనే ఆ లెక్కా వేశాను. మా తిరుగుడు నెలకి 300 కిలోమీటర్లు. 15 ఇచ్చే బండికి 20 లీటర్లు కావాలి, 20 ఇచ్చేదానికి 15. లీటరు 110 వేసుకున్నా మిగిలేది 550 రూపాయలు. 60 వేలు రాబట్టుకోవాలంటే తొమ్మిదేళ్ళ పైమాటే! ఆయన చూసొచ్చింది పదేళ్ళ బండి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకే. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసేళ్ళు పొడిగించుకోవాలి. రోజూ నలభై కిలోమీటర్లు ఆఫీసుకి తిరిగేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి మైలేజీయే ముఖ్యం.

మీటరు వెనక్కి తిప్పేవాళ్ళూ ఉంటారండోయ్. ముప్ఫై వేలే తిరిగిందన్న కారుకి బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోతుందా? పుచ్చు వంకాయ ఏరేసే మన కంటికి అది ఆనకపోదు. సర్వీసు కాగితాలు అడగండి. ఆర్.సి.లో బ్యాంకు పేరుంటే అప్పు తీరినట్టు రాసిచ్చిన కాగితం చూడందే అడ్వాన్సు ఇవ్వద్దు.

తక్కువ ధర బండే తీసుకుని, మిగిలిన దాంట్లో 20 వేలు టైర్లకీ బ్యాటరీకీ పక్కన పెడదామన్నాను. మావారు ఇంకా ఆలోచిస్తున్నారు.