మడుగు పేరు ఎవరికి చెప్పాలి?

గాలం వేసేవాళ్ల మధ్య ఒక పాత పంచాయితీ ఉంది. చేప ఏ చోట పడుతుందో, ఏ ఎరకు పడుతుందో పక్కోడికి చెప్పాలా, వద్దా? చెప్పేవాడిని కొందరు మంచోడంటారు, కొందరు పిచ్చోడంటారు. చెప్పనివాడిని అందరూ పిసినారి అంటారు. మొన్నటిదాకా ఇది చెరువు గట్టు మీద నడిచే సరదా తగువే. ఫోన్ల ఒక్క నొక్కుతో లొకేషన్ వేలమందికి చేరే కాలం వచ్చినంక అందులో సరదా లేదు. ఎందుకంటే అట్ల చేరుతున్న లొకేషన్లలో మన వాగులున్నాయి, మన మడుగులున్నాయి. ఆ వీడియోలు తీసేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. కాబట్టి ఈ పంచాయితీలో మనం కూడా మాట్లాడాలి.

కాప్రా నుంచి మొదలుపెడదాం. చదువు కోసమో, పని కోసమో గూడెం విడిచి వచ్చి ఈసీఐఎల్, కుషాయిగూడ చుట్టుపక్కల కిరాయి గదుల్లో ఉంటున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు కాప్రా చెరువును చూసే ఉంటారు. దాని అసలు పేరు ఊర చెరువు. ఆ పేరే చెప్తది అది ఎవరిదో. 1967లో ఈసీఐఎల్ కంపెనీ వచ్చింది. కాలనీలు పెరిగాయి. కాప్రా మున్సిపాలిటీ అయింది, 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. చెరువులోకి డ్రైనేజీ వచ్చింది, గుర్రపు డెక్క అల్లుకుంది, అంచులు తరిగిపోయాయి. ఊర చెరువు అనే పేరు మిగిలింది గానీ, చెరువును తనదని అడిగే ఊరు పలచబడిపోయింది. ఈ చెరువులో చేప ఎక్కడ దొరుకుతుందో మీరు ఇప్పుడు ఫేస్‌బుక్‌లో పెట్టినా పెట్టకపోయినా ఎవరికీ నష్టం లేదు. దాచుకోవాల్సినంత మంచి చోటే మిగల్లేదు.

అందుకే నగరంలో గాలం సరదా ఉన్న కుర్రాళ్లు సెలవు దొరికితే బైకులెక్కి దూరం పోతున్నారు. రోడ్డు ఎంత లోపలికి పోతే నీళ్లు అంత మంచిగుంటాయని వాళ్లకు తెలుసు. కిన్నెరసాని వైపు, గోదావరి వైపు, శబరి వైపు. ఆ నీళ్లు ఎందుకు మంచిగున్నాయి? ఆ నీళ్లు తాగేవాళ్లు, ఆ చేప తినేవాళ్లు పక్కనే ఉన్నారు కాబట్టి. ఈ ప్రశ్న అడగకుండానే వీడియో తీసి, కింద లొకేషన్ పెట్టి, సాయంత్రానికి మళ్లీ సిటీకి వచ్చేస్తారు.

ఇక్కడ రెండు సంగతులు విడదీసి చూడాలి. ఎర సంగతి వేరు, చోటు సంగతి వేరు. వీళ్ల పంచాయితీలో రెండూ ఒకటే మూటలో కట్టేస్తున్నారు.

ఎర సంగతి అయితే దాచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. వానపామును గాలానికి ఎట్ల గుచ్చాలి, తవుడు, పల్లి చెక్క కలిపిన ముద్ద నీళ్లలో కరగకుండా ఎంత గట్టిగా ఉండాలి, బెండు ఎంత లోతుకు కట్టాలి, బొచ్చెకు ఏది, వాలుగకు ఏది. ఇవన్నీ చేతి పని. చేతి పని పంచుకుంటే తరగదు. నగరంలో కొందరు పిండి ముద్దలో ఏం వాసన కలుపుతారో సొంత తమ్ముడికి కూడా చెప్పరట. అది వాళ్ల ముచ్చట. మన దగ్గర పెద్దమనిషి పిల్లగాడిని పక్కన కూర్చోబెట్టుకుని గాలం కట్టడం, ఊత పట్టడం, మావు అల్లడం నేర్పిస్తాడు. నేర్పించినందుకు ఫీజు లేదు, నేర్చుకున్నందుకు సర్టిఫికెట్ లేదు. ఎవరైనా వచ్చి అడిగితే నేర్పండి. వీడియో చేసి పెట్టండి, తప్పు లేదు. నిజానికి మన పెద్దల పనితనం మీద మంచి వీడియోలు ఇంకా చాలా రావాలి.

కానీ ఎరలో కూడా ఒక మినహాయింపు ఉంది. దాని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చాలామందికి ఇది తప్పని కూడా తెలియదు.

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. మార్కెట్‌లో దాని ధర మీకు తెలుసు. వానలు పడి నీళ్లు కొత్తగా చేరిన కాలంలో అది పిల్లల్ని పెడుతుంది. చాలా చేపలు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. కొర్రమీను అట్ల పోదు. తల్లీ తండ్రీ రెండూ పిల్లల కిందనే తిరుగుతూ కాపలా కాస్తాయి. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుని పోతుంటే, పైన చిన్న చినుకులు పడ్డట్టు కదలిక కనిపిస్తుంది. తెలిసిన కన్ను దాన్ని దూరం నుంచే పట్టేస్తుంది. గాలం వేసేవాళ్లలో కొందరు సరిగ్గా ఆ గుంపు మీదుగా రబ్బరు కప్పను లాగుతారు. పిల్లల మీదికి ఏది వచ్చినా కొర్రమీను ఆగదు, ఆకలితో పనిలేదు, మీద పడి కొరుకుతుంది. గాలానికి దొరుకుతుంది. ఫోటో బాగా వస్తుంది. ఆ తర్వాత కాపలా లేని పిల్లల్ని మిగతా చేపలు, కొంగలు తినేస్తాయి. ఒక్క చేపను పట్టి వందల చేపల్ని పోగొట్టినట్టు. ఇది నైపుణ్యం అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. పిల్లల గుంపు కనిపించిన చోటును గ్రూపులో పెట్టడం ఇంకా ఘోరం. ఒకడు తల్లిని తీస్తే, మర్నాడు ఇంకొకడు వచ్చి తండ్రిని తీస్తాడు. పాత పద్ధతుల్లో మంచివి ఎన్నో ఉన్నా, ఆ గుంపును ఊతతో మొత్తం ఎత్తేసే అలవాటు మన గూడేల్లో ఎక్కడైనా ఉంటే అదీ మానుకోవాల్సిందే. బ్లీచింగ్ పౌడర్, కరెంటు తీగలు, తోటాలు వాడేవాళ్ల గురించి వేరే చెప్పాలా? నీళ్లలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపను చంపడం 1897 నాటి మత్స్య చట్టంలోనే నేరం.

ఇక చోటు.

మైదానంలో చెరువు చూస్తే ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ చాలా చెరువుల మీద మత్స్య సహకార సంఘానికి హక్కు ఉంటుంది. గంగపుత్రులో, ముదిరాజులో, ఆ ఊరి మత్స్యకార కుటుంబాలు దాని మీద బతుకుతాయి. 2016లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లల్ని వదిలే పథకం మొదలుపెట్టింది. అట్ల పెరిగిన చేప అంటే ఒకరి పంట. చేను గట్టు మీద నిలబడి కంకులు కోసుకుని "ఈ చేను లొకేషన్ ఇదిగో" అని ఎవరూ పెట్టరు గదా. నీళ్లు అనేసరికి మాత్రం అందరికీ హక్కు గుర్తుకొస్తుంది.

ఏజెన్సీలో అయితే సంఘం బోర్డు కూడా కనిపించదు. వాగు కనిపిస్తుంది, రాయి కనిపిస్తుంది, నీడ కనిపిస్తుంది. బయటి మనిషికి అది ఎవరిదీ కాని చోటు. ఊరికి మాత్రం ప్రతి మడుగుకూ పేరుంది. ఏ నెలలో దిగాలి, ఏ నెలలో దిగొద్దు అన్న లెక్క ఉంది. ఎండలకు వాగు తెగి మడుగులు మిగిలినప్పుడు ఊరంతా కలిసి దిగడం, పట్టినది కుప్పలు పోసి ఇంటికింత అని పంచుకోవడం మనలో చాలామంది చిన్నప్పుడు చూసినదే. నీళ్లలోకి దిగలేని ముసలమ్మ ఇంటికి కూడా కుప్ప పోయేది. మనం పంచుకోనివాళ్లమని ఎవరూ అనలేరు. కాకపోతే మనం పంచుకునేది చేపను. చోటును పంచుకునేది ఆ చోటును చూసుకునేవాళ్లతో.

కొందరు మిత్రులు నిజాయితీగానే అడుగుతారు. "నీళ్లు ఎవడి జాగీరు? భూమి మీద గుత్తాధిపత్యం వద్దని కొట్లాడేవాళ్లు మడుగు మాదే అంటే ఎట్ల?" మంచి ప్రశ్న. జవాబు కూడా సూటిగానే ఉంది. ఒక దొర తన కోసం దాచుకుంటే అది జాగీరు. ఒక ఊరు, ఎవరెంత పట్టాలో తానే మాట్లాడుకుని, కరువు ఏడాది ఆపుకుని, వచ్చే ఏడాదికి మిగుల్చుకుంటే అది జాగీరు కాదు. వచ్చి అడిగినవాడిని మన ఊర్లు వెనక్కి పంపింది తక్కువ. గూడెంలోకి వచ్చి, "అన్నా, ఇక్కడ గాలం వేసుకోవచ్చా?" అని అడిగితే చాలాచోట్ల ఒక మనిషిని తోడు పంపుతారు, ఏ రాయి జారుతుందో కూడా చెప్తారు. అడిగినవాడు ఒక్కడు. లొకేషన్ చూసి వచ్చేవాళ్లు ఎందరో ఎవరికీ తెలియదు. వాళ్లకు ఊరి ముఖం తెలియదు, ఊరికి వాళ్ల ముఖం తెలియదు. బీరు సీసా పగలగొట్టి పోయినా, రేపు ఆ నీళ్లలో కాలు పెట్టేది ఎవరో వాళ్లకు అవసరం లేదు.

అయితే ఎవరికీ చెప్పకుండా గప్‌చుప్‌గా ఉంటే సరిపోతుందా? సరిపోదు. అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది.

అటవీ హక్కుల చట్టం 2006 తెరిచి చూడండి. సెక్షన్ 3(1)(డి)లో చేపల మీద, నీటి వనరుల ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు రాసి ఉంది. 3(1)(కె)లో జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి ఉన్న హక్కు ఉంది. 2008 నియమాల్లో 13వ నియమం, సామూహిక హక్కుకు ఏవి సాక్ష్యాలుగా పనికొస్తాయో చెప్తూ చేపలు పట్టే చోట్లను పేరు పెట్టి చెప్పింది. పెద్దవాళ్లు చెప్పిన మాటను కాగితం మీద రాస్తే అదీ సాక్ష్యమే అన్నది. సామూహిక హక్కుల కోసం పెట్టే ఫారం-బిలో చేపలు, నీటి వనరుల కోసం ఒక గడి ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని 1996 నాటి పెసా చట్టం అంటున్నది. ఇన్ని ఉన్నాయి. 2023 జూన్‌లో తెలంగాణలో పోడు పట్టాలు పంచారు. అవి కుటుంబాల భూమి పట్టాలు. మడుగుల సంగతి, వాగుల సంగతి ఎన్ని ఊర్లలో ఎత్తారు?

రాయకపోతే ఏమైతదో పోలవరం ముంపు వైపు చూస్తే అర్థమవుతుంది. కొండరెడ్లు, కోయలు తరతరాలుగా చేపలు పట్టిన గోదావరి రేవులు, మడుగులు ఆ నీళ్ల కిందికి పోయేవే. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం, మునిగే ప్రాంతంలోని నదిలోనో చెరువులోనో చేపల హక్కు ఉన్న ఆదివాసీలకు, ప్రాజెక్టు రిజర్వాయర్‌లో చేపలు పట్టే హక్కు ఇవ్వాలి. "హక్కు ఉన్న" అన్న మాట దగ్గర ఆగండి. హక్కు ఉన్నదని ఎట్ల చూపిస్తారు? ఇంటికి నంబరు ఉంటది, భూమికి సర్వే నంబరు ఉంటది. తాత నోట్లో తప్ప ఎక్కడా లేని మడుగుకు ఏ నంబరు ఉంటది?

ఇదే కొట్లాట అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు ఆదివాసీలు చేశారు. 1854, 55లో వాళ్ల భూములు రాయించుకున్న ఒప్పందాల్లో, తాము ఎప్పుడూ పట్టే అలవాటైన చోట్లలో చేపలు పట్టుకునే హక్కు వాళ్లకు ఉంటుందని ఒక మాట ఉంది. వందేళ్ల తర్వాత అదే నదుల్లో వల వేసినందుకు రాష్ట్ర పోలీసులు వాళ్లను అరెస్టు చేశారు. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ పద్నాలుగేళ్ల వయసులో మొదటిసారి అరెస్టయ్యాడు. ఆ తర్వాత యాభైసార్లకు పైనే. కోర్టులో పెద్దవాళ్లు లేచి తమ చోట్ల గురించి చెప్పారు. ఏ తెగకు ఏ చోట్లు అలవాటైనవో ఒక్కొక్కటిగా తేల్చారు. 1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు ఇచ్చాడు: పట్టదగిన చేపలో సగం దాకా తెగలది, చేపల నిర్వహణలో కూడా వాళ్లకు పాత్ర ఉండాలి. 1979లో సుప్రీంకోర్టు కూడా దాన్ని చాలా వరకు నిలబెట్టింది. అక్కడ చోటు పేరు చెప్పడమే వాళ్లను గెలిపించింది. ఆ పేరును వాళ్లు సరదా కోసం వచ్చినవాళ్లకు చెప్పలేదు, హక్కు తేల్చే చోట చెప్పారు.

కాబట్టి మన రీలు తీసే తమ్ముళ్లకు ఒక మాట. రీలు మానమని అనడం లేదు. నాలుగు పైసలు వస్తున్నాయంటే సంతోషమే. చేప చూపించు, గాలం చూపించు, నీ చేతి పని చూపించు. మడుగు పేరు చెప్పకు, లొకేషన్ ఆపెయ్, వెనక కొండ ఆనవాలు కనిపించకుండా కెమెరా కొంచెం దించు. ఎవరైనా కామెంట్‌లో "ప్లేస్ ఎక్కడ బ్రో" అంటే, ఊరికి వచ్చి పెద్దల్ని అడగమను. మద్దతుగా నిలిచే మిత్రులకూ ఇదే. మాతో వచ్చి చూసిన చోటును మీ స్నేహితుల గ్రూపులో పెట్టడం మా గురించి నలుగురికీ తెలియజేయడం అనుకుంటున్నారు. ఊరి గురించి రాయండి, మడుగు గురించి వద్దు.

ఫారం నింపినా ఆ కాగితం ఆఫీసులో ఎవరైనా చూడొచ్చు గదా అని ఒక అక్క అడిగింది. చూడొచ్చు. కానీ ఆ కాగితం మడుగు ఎవరిదో కూడా చెప్తది. రీలు ఎక్కడుందో మాత్రమే చెప్తది.

కాప్రాలో, ఉప్పల్‌లో, ఎక్కడున్నా సరే, ఈసారి ఇంటికి పోయినప్పుడు ఈ పని పెట్టుకోండి. ఊర్లో బాగా చేపలు పట్టిన ముసలాయన దగ్గర, ముసలమ్మ దగ్గర కూర్చోండి. అమ్మమ్మలను మరిచిపోవద్దు, చిన్న వాగుల్లో బుట్టలతో దేవింది ఎక్కువగా వాళ్లే. వాగు పై నుంచి కింద దాకా మడుగుల పేర్లు వరసగా అడగండి. ఏ పేరు ఎందుకొచ్చింది, ఏ నెలలో ఏ చేప, ఎవరెవరు పట్టేవాళ్లు, ఎట్ల పంచుకునేవాళ్లు, అన్నీ. ఫోన్‌లో గొంతు రికార్డు చేయండి, తర్వాత కాగితం మీద రాసి వాళ్ల వేలిముద్రో సంతకమో తీసుకోండి. తర్వాత మీ ఊరి అటవీ హక్కుల కమిటీ ఎవరి దగ్గరుందో కనుక్కోండి. కమిటీ ఉందో లేదో ఊర్లోనే తెలియకపోతే, గ్రామసభలో మొదట అదే అడగండి. ఉంటే, మీ ఊరు పెట్టిన ఫారం-బి నకలు తీసి చేపల గడిలో ఏం రాశారో చూడండి. ఖాళీగా ఉంటే ఈ పేర్లు పట్టుకుని గ్రామసభకు పోండి.