విమానం దిగాక డబ్బులా?

బెజవాడ స్వరాజ్య మైదానంలో నిలబడి తల వెనక్కి వాల్చి చూడాలి. 81 అడుగుల పీఠం, దాని మీద 125 అడుగుల అంబేద్కర్. మొత్తం 206 అడుగులు. 2024 జనవరి 19న ఆవిష్కరించారు. ఖర్చు 400 కోట్ల పైమాటే. విగ్రహం వద్దనే కుసంస్కారం మాకు లేదు. మన హైదరాబాద్‌లోనూ 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల విగ్రహం పెట్టుకున్నాం, దండం పెట్టుకున్నాం. కానీ బెజవాడ విగ్రహం లేవడానికి ఏడాదిన్నర ముందు, 2022 జులైలో, ఆ విగ్రహం పెట్టిన ప్రభుత్వమే ఇంకో పని కూడా చేసింది. పేద పిల్లల్ని పై చదువులకు విదేశాలకు పంపే పథకం మీది నుంచి అంబేద్కర్ పేరు తీసేసింది. ‘జగనన్న విదేశీ విద్యా దీవెన’ అని రాసుకుంది. మైదానంలో ఆయన ఆకాశమంత ఎత్తు. జీవోలో ఆయన పేరుకు చోటు లేదు!

పేరుదేముంది, డబ్బు వస్తే చాలదా అని అడిగే పెద్దమనుషులుంటారు. పేరులో చాలా ఉంది. ఎందుకంటే అంబేద్కర్ స్వయంగా స్కాలర్‌షిప్ విద్యార్థి. 1913లో బరోడా సంస్థానం మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇస్తానంటే కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. తిరిగొచ్చాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేస్తానని బాండు రాసిచ్చి మరీ వెళ్లారు. అక్కణ్ణుంచి 1916లో లండన్ చేరారు. చదువు సగంలో ఉండగా స్కాలర్‌షిప్ గడువు తీరింది. 1917లో పుస్తకాలు సర్దుకొని ఇంటిముఖం పట్టారు. ఆ పుస్తకాలు వేసిన ఓడను శత్రువులు సముద్రంలో ముంచేశారు. బరోడాలో కొలువుకు వెళితే అద్దెకు ఇల్లు ఇచ్చినవాడు లేడు. బొంబాయిలో పాఠాలు చెప్పి పైసా పైసా కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం తీసుకొని, నావల్ భతేనా అనే మిత్రుడి దగ్గర అప్పు చేసి 1920లో మళ్లీ లండన్ వెళ్తే గానీ ఆ చదువు పూర్తికాలేదు. మధ్యలో స్కాలర్‌షిప్ ఆగిపోతే విద్యార్థి బతుకు ఏమవుతుందో ఆయనకు తెలిసినంతగా ఏ ముఖ్యమంత్రికీ తెలియదు. అందుకే 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో దళిత విద్యార్థుల విదేశీ చదువుకు కూడా నిధి అడిగారు.

ఇది కృష్ణకు ఆవలి గట్టు సంగతి, మన పత్రికలో ఎందుకు అని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. మన కొట్లాట ఎన్నడూ డెల్టాలోని కౌలు రైతుతో కాదు. కాలువ చివరి కూలోడితో అసలే కాదు. 2009 డిసెంబరులో రోడ్డు మీద ఉన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆనాడు మేం అరిచిన నినాదాల్లో ఆవలి గట్టు పేదవాడి మీద ఒక్కటీ లేదు. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది. ఆ సంగతి ఇప్పుడైనా చల్లగా చెప్పుకోవచ్చు. పైగా ఈ పథకం 2013లో ఉమ్మడి రాష్ట్రంలో పుట్టింది. రాష్ట్రం రెండైనప్పుడు ఇదీ రెండైంది. అక్కడి జబ్బు ఇక్కడికి రాదన్న భరోసా లేదు. మనవైపు పిల్లలూ బకాయిల కోసం సెక్రటేరియట్ చుట్టూ తిరిగినవాళ్లే.

డెల్టా అంటే అమెరికా అనుకుంటాం. నిజమే, సగం నిజం. 1850ల్లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి కాలువలు తవ్విన తర్వాత మాగాణి పండింది. మాగాణి డబ్బు బళ్లయింది, కాలేజీలయింది. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. అంతకు ముందే గుంటూరు మెడికల్ కాలేజీ డాక్టర్లు విమానాలెక్కారు. ఉయ్యూరులో పుట్టిన కొలచల సీతారామయ్య 1920ల్లోనే అమెరికాలో రసాయనశాస్త్రం చదివి, అక్కణ్ణుంచి సోవియట్ యూనియన్ వెళ్లి ఇంజిన్లలో వాడే కందెన నూనెల మీద పెద్ద శాస్త్రవేత్త అయ్యాడు. ఇవాళ బెంజిసర్కిల్ నుంచి ఎటు నడిచినా విదేశీ చదువుల బోర్డులే కనబడతాయి. కానీ డెల్టా రైతును అడగండి, కాలువకు తల ఎక్కడుందో శివారు ఎక్కడుందో చెబుతాడు. తలలో ఉన్న పొలానికి రెండు పంటలు. శివారులో ఉన్న నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను పొలాలకు నారుమడి ఎండాక నీళ్లు. పైగా డెల్టాలో దుక్కి దున్నేది ఎక్కువగా కౌలుదారు. పట్టా ఇంకొకరిది. ఆ ఇంకొకరి పిల్లలు డల్లాస్‌లో ఉంటారు. కౌలుదారు కూతురు డల్లాస్ వెళ్లాలంటే స్కాలర్‌షిప్ తప్ప మరో దారి లేదు.

ఆ అమ్మాయి దారిలో ఒకసారి నడిచి చూద్దాం. నాగాయలంక వైపు ఒక ఊరు అనుకోండి. ప్రభుత్వ హాస్టల్లో ఉండి డిగ్రీ చేసింది. మార్కులు బాగా వచ్చాయి. పై చదువుకు బయటికి వెళ్లమని ఒక లెక్చరరు చెప్పాడు (అలా చెప్పే లెక్చరరు దొరకడమే సగం అదృష్టం). ముందు పాస్‌పోర్టు. తర్వాత ఐఈఎల్‌టీఎస్ పరీక్ష. ఒక్కసారి రాయడానికే తండ్రి నెల కూలి చాలదు. మార్కులు తక్కువొస్తే మళ్లీ అంతా కట్టాలి. ఆ తర్వాత ‘నేనెందుకు చదవాలనుకుంటున్నాను’ అని తన గురించి తాను రెండు పేజీలు ఇంగ్లిష్‌లో రాయాలి. మన పిల్లలకు ఇదే పెద్ద గండం. చిన్నప్పటి నుంచి నోరు మూసుకోమని నేర్పినవాళ్లం, ఒక్కసారిగా నీ గొప్ప నువ్వు చెప్పుకో అంటే ఎట్లా చెబుతుంది? మూణ్ణాలుగు వందల మందికి పాఠం చెప్పే ప్రొఫెసరు సిఫారసు లేఖ ఇవ్వాలి. చాలామంది ‘నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతా’ అంటారు. కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు సీలు వేసిన కవర్లలో తీసుకోవాలి, యూనివర్సిటీ గుమాస్తా సెలవులో ఉంటాడు. ఇవన్నీ దాటి, ఒక రోజు రాత్రి మెయిల్ వస్తుంది. సీటు వచ్చింది!

అసలు కథ అప్పుడు మొదలవుతుంది. సీటు నిలబడాలంటే డిపాజిట్ కట్టాలి. వీసాకు డబ్బు చూపించాలి. బ్రిటన్ అయితే నిర్ణీత మొత్తం 28 రోజులపాటు ఖాతాలో కదలకుండా ఉండాలి. అమెరికా అయితే ఏడాది ఖర్చుకు ఆధారం చూపితే గానీ యూనివర్సిటీ ఐ ట్వంటీ పత్రం ఇవ్వదు. మరి మన ప్రభుత్వాలు డబ్బు ఎప్పుడిస్తాయి? విద్యార్థి విమానం దిగి, అక్కడి అధికారులు వేసిన ప్రవేశ ముద్ర కాగితం పంపిన తర్వాత మొదటి విడత. సెమిస్టరు పాసయ్యాక రెండోది. తెలంగాణలో 20 లక్షలను ఇలా రెండు ముక్కలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 పథకం నాలుగు ముక్కలు చేసింది. అంటే ఏమిటి? డబ్బు లేనివాడికి సాయం చేస్తామంటారు, తీరా ముందు డబ్బుందని రుజువు చేసుకొని రమ్మంటారు. అవతలి ఒడ్డుకు ఈదుకుంటూ వస్తే పడవ ఇస్తానన్నట్టుంది!

బ్యాంకుకు పోవచ్చు గదా అంటారు ఏలినవారు. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి తనఖా పెట్టాలి. కౌలుదారు దేన్ని తనఖా పెడతాడు, భూస్వామి పొలాన్నా? అందుకని నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి ఊళ్లో అప్పు. లేదంటే 28 రోజులు ఖాతాలో డబ్బు వేసి చూపించి కమిషన్ పట్టుకుపోయే దళారి. ఆ కమిషన్ స్కాలర్‌షిప్ లెక్కలో ఎక్కడా రాయరు. ప్రభుత్వ పథకం మీద నమ్మకంతో చేసిన అప్పుకు వడ్డీ ప్రభుత్వం కట్టదు.

నమ్మకం అన్నాను గదా. జీవో 610 కథ తెలిసిన పాఠకులకు జీవో విలువ ఎంతో నేను చెప్పనక్కర్లేదు. 2013లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు పది లక్షలతో మొదలైంది అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి. చంద్రబాబు ప్రభుత్వంలో మరికొన్ని వర్గాలకు పాకింది, కొత్త పేర్లు తగిలించుకుంది. 2019లో ప్రభుత్వం మారింది. అవకతవకలు జరిగాయన్నారు, విచారణ అన్నారు, పథకం ఆగింది. అవకతవకలుంటే పట్టుకోండి, జైల్లో వేయండి, ఎవరు కాదన్నారు? కానీ అప్పటికే వెళ్లి చదువు మధ్యలో ఉన్నవాళ్లు ఏ నేరం చేశారు? 2022లో కొత్త పేరుతో, కొత్త షరతులతో మళ్లీ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో మొదటి విడతగా 213 మందికి 19.95 కోట్లు విడుదల చేశారు. ఆ పక్కనే 400 కోట్ల విగ్రహం లేస్తోంది, లెక్క మీరే వేసుకోండి. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, అంబేద్కర్ పేరు తిరిగొచ్చింది. సంతోషం. మరి మధ్యలో ‘జగనన్న’ కాగితం పట్టుకొని వెళ్లిన పిల్ల ఫీజు సంగతి? ఆ పిల్ల వెళ్లింది జగన్ ఇంటికి కాదు, యూనివర్సిటీకి. అక్కడి ఫీజు విభాగానికి మన ఎన్నికల ఫలితాలతో పనిలేదు.

2022 షరతుల్లో ఒకదాని గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలి. క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 200లో, తర్వాత సబ్జెక్టుల వారీగా మొదటి 50లో ఉన్న యూనివర్సిటీలకే డబ్బు అన్నారు. ఇందులో న్యాయం లేకపోలేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే బోగస్ యూనివర్సిటీ మూతపడితే మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో అమెరికా పోలీసులే వలగా పెట్టిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో 129 మంది భారతీయ విద్యార్థులను అరెస్టు చేశారు, అందులో తెలుగువాళ్లు చాలామంది. ప్రజల సొమ్ము అలాంటి దుకాణాలకు పోకూడదు. కానీ దుకాణానికీ, ప్రపంచంలోని మొదటి 50కీ మధ్య వందల మంచి యూనివర్సిటీలున్నాయి. మొదటి 50లో సీటు తెచ్చుకోవాలంటే చిన్నప్పటి నుంచీ తలకాలువలో పెరగాలి. శివారు పిల్లకు ఆ షరతు పెట్టి కోటి రూపాయలిస్తామంటే, ఇవ్వమని చెప్పడానికి అదొక మర్యాద.

ఢిల్లీ దొరల వ్యవహారం ఇంకా విడ్డూరం. 1954-55 నుంచి నడుస్తున్న జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పులు దేశం మొత్తానికి 125. దేశంలో ఎన్ని కోట్ల మంది దళితులున్నారో వాళ్లకు తెలియదా? 2022లో ఆ నిబంధనల్లో ఒక గీత గీశారు. భారతదేశ సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధన చేస్తామంటే డబ్బివ్వరట. కొలంబియాలో అంబేద్కర్ కులం మీద వ్యాసం చదివింది 1916లో. ఈ లెక్కన ఆయనకే ఈ స్కాలర్‌షిప్ రాదు! 2025లో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే లేఖలిచ్చి, మిగతా 66 మందినీ నిధులుంటే చూస్తామన్నారు. సీటు తెచ్చుకున్నవాళ్లు, సూట్‌కేసు కొన్నవాళ్లు నిధుల కోసం ఎదురుచూడాలన్నమాట.

స్కాలర్‌షిప్ లేకుంటే ప్రతిభ చచ్చిపోతుందని కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో బోస్టన్ చేరి, అక్కడ గడవక ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశాడు. అంతటివాడు రాత్రిళ్లు ఆ చాకిరీలో గడపాల్సి వచ్చింది. ఇవాళ మన పిల్లలు పెట్రోలు బంకుల్లో, హోటళ్ల వంటిళ్లలో దొంగచాటుగా అదే పని చేస్తున్నారు, పట్టుబడితే వీసా పోతుందన్న భయంతో. విడత డబ్బు ఆలస్యమైన ప్రతి నెలా ఆ రాత్రి డ్యూటీలు పెరుగుతాయి.

రెండు ప్రభుత్వాలనూ మేమడిగేది పెద్ద కోరికేం కాదు. ఎంపికైన విద్యార్థికి వీసాకు ముందే ప్రభుత్వం పూచీ లేఖ ఇవ్వాలి. ప్రభుత్వమే స్పాన్సర్ అయి ఫీజు, ఖర్చులు భరిస్తానని రాసిస్తే బ్రిటన్ వీసా నిబంధనలే దాన్ని ఒప్పుకుంటాయి, 28 రోజుల నాటకం అక్కర్లేదు. డిపాజిట్ నేరుగా యూనివర్సిటీకి కట్టాలి. ఒకసారి వెళ్లిన విద్యార్థికి చదువు పూర్తయ్యేదాకా డబ్బు ఆపకుండా అసెంబ్లీలో చట్టం చేయాలి, జీవో కాదు. చట్టమైతే రద్దు చేయడానికైనా సభలో నిలబడి మాట్లాడాలి, రాత్రికి రాత్రి సంతకంతో పోదు. పథకానికి ఏ పేరు పెట్టుకుంటారో వాళ్లిష్టం అనలేం. అంబేద్కర్ పేరే ఉండాలి, ఆయన ఆ డబ్బుతో చదివినవాడు గనుక.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. బాండు మీద, బ్యాంకు కాగితం మీద పూచీకత్తు సంతకం కోసం మీ ఇంటి గుమ్మం ముందు నిలబడే పిల్లలుంటారు. ఇంట్లోకి పిలవండి, కాగితం చదవండి, చేయగలిగితే చేయండి. లెక్చరర్లు ఆ సిఫారసు లేఖను విద్యార్థితో రాయించకుండా మీరే రాయండి, ఒక ఆదివారం పోతుంది, అంతే. విద్యార్థి సంఘాలు హాస్టళ్లలో ఐఈఎల్‌టీఎస్ క్లాసులు పెట్టమని సంక్షేమ శాఖ మీద కూర్చోవాలి. విజయవాడలో, గుంటూరులో, వరంగల్‌లో, నల్లగొండలో కూర్చోవాలి. సెప్టెంబరు సీట్లకు డిపాజిట్ గడువు వేసవిలోనే ముగుస్తుంది. దరఖాస్తుల ప్రకటన జనవరిలో రావాలి, ఎంపిక మార్చిలో తేలాలి, పూచీ లేఖ ఏప్రిల్ 14కు విద్యార్థి చేతిలో ఉండాలి. ఆ రోజు విగ్రహాల దగ్గరికి ఎలాగూ పూలదండలతో వస్తారు గదా, ఆ లేఖలు కూడా పట్టుకురండి.